పరాయి బరిలో అతిథి యోధుడు



ఇద్దరు యోధులు తెర మీద ఎదురెదురుగా నిలిచి, గడియారం సున్నాకు చేరేలోగా ఒకరి బలాన్ని మరొకరు హరించడానికి తలపడే వీడియో ఆటను ఫైటింగ్ గేమ్ అని వ్యవహరిస్తారు. వేరొక కథలో పుట్టి, వేరొక సంస్థ హక్కులో ఉన్న యోధుణ్ని అనుమతితో తెచ్చి అటువంటి ఆటలో చేర్చినప్పుడు అతణ్ని అతిథి పాత్ర అంటారు. రెండు కల్పనా లోకాలు ఇలా ఒకే బరిలో కలిసే పద్ధతికి క్రాసోవర్ అని పేరు. ఆట విడుదలైన ఏడాదికో రెండేళ్లకో ఇటువంటి అతిథి వచ్చి చేరుతుంటాడు, ఇంటర్నెట్ ద్వారా దించుకునే అదనపు భాగంగా విడిగా అమ్ముడవుతాడు, ఆ రోజు నుంచి వేలాదిమంది ఆటగాళ్లు అతణ్ని తమ చేతికి అలవాటు చేసుకునే పనిలో పడతారు. ఆ పని చూసేవారికి ఎడాపెడా బటన్లు నొక్కడంలా కనిపించవచ్చు గాని, దాని లోపల కథాశిల్పానికీ, లెక్కకూ, వేళ్ల అభ్యాసానికీ సంబంధించిన గంభీరమైన చిక్కు ఒకటి ఉంది. సొంత లోకంలో ఓటమి ఎరగని వీరుడు మరొకరి లోకంలో అడుగుపెట్టినప్పుడు, తన వీరత్వం పోగొట్టుకోకుండానే అక్కడి చట్టానికి ఎలా లోబడతాడన్నదే ఆ చిక్కు.

తెలుగువారు ఈ చిక్కును చాలాకాలంగా ఎరిగినవారే. భారతంలోని అరణ్యపర్వంలో సౌగంధిక పుష్పం కోసం బయలుదేరిన భీముడికి రామాయణ వీరుడైన ఆంజనేయుడు దారికి అడ్డంగా పడుకొని కనిపించడం, ఆ వానరుడి తోకను భీముడు ఎంత ప్రయత్నించినా కదల్చలేకపోవడం, ఒక ఇతిహాసంలోకి మరొక ఇతిహాసపు వీరుడు అతిథిగా నడిచివచ్చిన ఘట్టమే. ఆ తరువాతి కాలంలో తెలుగు నాటకం ఈ ఊహను మరింత ముందుకు తీసుకుపోయింది. చిలకమర్తి లక్ష్మీనరసింహం 1890 ప్రాంతంలో రాసిన గయోపాఖ్యాన నాటకంలో కృష్ణార్జునులంతటి స్నేహితులు ఒకరి మీద ఒకరు ఆయుధం పడతారు. గంధర్వుడైన గయుడు ఆకాశమార్గాన పోతూ ఉమ్మిన తాంబూలం కృష్ణుడి దోసిట పడటమూ, కృష్ణుడు అతణ్ని చంపుతానని శపథం చేయడమూ, సంగతి తెలియని అర్జునుడు అదే గయుడికి అభయం ఇచ్చివేయడమూ ఆ యుద్ధానికి కారణాలు. రాజమహేంద్రవరంలో ఆ నాటకానికి ఊపిరి పోసిన రంగస్థల వాతావరణంలోనే విద్యార్థి దశలో ఉన్న టంగుటూరి ప్రకాశం కూడా వేషాలు కట్టారు. ఇదే కథను 1963లో కె. వి. రెడ్డి శ్రీకృష్ణార్జున యుద్ధంగా తెరకెక్కించినప్పుడు ఎన్. టి. రామారావు కృష్ణుడుగా, అక్కినేని నాగేశ్వరరావు అర్జునుడుగా నిలవడంతో, ఇద్దరు వీరుల పోరుకు ఇద్దరు అగ్రనటుల పోటీ కూడా తోడైంది. 1975లో బాపు తీసిన శ్రీరామాంజనేయ యుద్ధంలోనైతే భక్తుడూ భగవంతుడూ ఎదురెదురుగా నిలబడతారు.

ఈ కథల కట్టుబడిని పరిశీలిస్తే, వీరులను ఢీకొట్టించే బాధ్యతను ప్రతిచోటా ఒక మాట మోస్తుంది. ఇచ్చిన అభయం, చేసిన శపథం, తల్లి ఆడిన మాట వంటివి లేకపోతే ప్రేక్షకుడు ఆ యుద్ధాన్ని నమ్మడు. జపాన్ ఆటల రచయితలకు కూడా ఇదే అవసరం కలిగింది. బందాయ్ నామ్‌కో సంస్థ టెక్కెన్ 7 ఆటలోకి క్యాప్‌కామ్ సంస్థకు చెందిన స్ట్రీట్ ఫైటర్ యోధుడు అకూమాను అతిథిగా తెచ్చినప్పుడు, అతడు వట్టి ఆకర్షణగా వచ్చిపోకుండా, కజూమీ మిషిమా అనే స్త్రీ తన ప్రాణం కాపాడినందుకు ప్రతిగా ఆమె భర్తనూ కొడుకునూ వధిస్తానని మాట ఇచ్చినవాడుగా కథలో ప్రవేశించాడు. 2016లో దుకాణాల్లో నాణెం వేసి ఆడే ఆర్కేడ్ యంత్రాల్లోనూ, 2017లో ఇంటి యంత్రాల్లోనూ వచ్చిన ఈ అకూమాకూ, అభయమిచ్చి చిక్కుకున్న అర్జునుడికీ ఎటువంటి సంబంధమూ లేదు. అయినా కథ చెప్పేవాడికి ఎదురైన అవసరం ఒకటే గనుక దొరికిన ఉపాయమూ ఒకటే అయింది.

ముగింపు దగ్గర మాత్రం నాటకమూ ఆటా విడిపోతాయి. కృష్ణార్జునుల పోరు పరమశివుడి జోక్యంతో చల్లారుతుంది. రామబాణం రామనామం జపిస్తున్న ఆంజనేయుణ్ని ఏమీ చేయలేకపోతుంది. ఎవరూ ఓడకుండానే ఇద్దరి గౌరవమూ నిలుస్తుంది. వీడియో ఆటలో ఆ వెసులుబాటు లేదు. ప్రతి పోటీ చివరా ఒకరు నేల మీద పడి తీరాలి, తరువాతి పోటీలో ఆ పడినవాడే గెలిచే అవకాశమూ సమానంగా ఉండాలి. కవి ఒక వరంతోనో శాపంతోనో సరిపెట్టగలిగిన తూకాన్ని ఆట నిర్మాత అంకెలతో సాధించవలసి వస్తుంది. అతిథి పాత్రను రూపొందించడంలోని శ్రమ అంతా అక్కడే ఉంది.

ఆ అంకెలకు ఆధారం ఫ్రేము. సినిమా రీలులో బొమ్మ వెనుక బొమ్మ పరుగెత్తినట్టే ఫైటింగ్ గేమ్ తెర మీద సెకనుకు 60 నిశ్చల చిత్రాలు మారుతాయి; అందులో ఒక్కొక్క చిత్రం ఫ్రేము, దాని ఆయువు సుమారు 16.7 మిల్లీసెకన్లు. ఒక గుద్దు బటన్ నొక్కాక చేయి చాచడానికి కొన్ని ఫ్రేములు, తగిలే స్థితిలో కొన్ని, చేయి వెనక్కి తీసుకోవడానికి కొన్ని పడతాయి. స్ట్రీట్ ఫైటర్ 6 ఆటలో అతివేగమైన మామూలు దెబ్బ నాలుగో ఫ్రేములో తగులుతుంది, టెక్కెన్‌లో సాధారణంగా పదో ఫ్రేములో తగులుతుంది. కన్ను చూసి వేలు కదలడానికి మనిషికి సుమారు 200 మిల్లీసెకన్లు, అంటే పన్నెండు ఫ్రేములు అవసరం కాబట్టి, ఇటువంటి దెబ్బను చూసి ఆపడం ఎవరికీ సాధ్యం కాదు; ఎదుటివాడు ఏం చేయబోతున్నాడో ముందుగా ఊహించడమే మిగిలిన దారి. తన దెబ్బను ప్రత్యర్థి కాచుకున్న తరువాత చేయి వెనక్కి తీసుకోవడానికి ఎక్కువ ఫ్రేములు పడితే, ఆ సందులో ఎదురుదెబ్బ తప్పదు. ఒక దెబ్బ తరువాత ఒకటి విరామం లేకుండా తగిలే వరుసను ఆటగాళ్లు కాంబో అంటారు. ఆ వరుసలు కూడా ఈ ఫ్రేముల లెక్క మీదనే నిలుస్తాయి.

అతిథుల చరిత్రకు మూలం ఆర్కేడ్ కాలంలో ఉంది. 1994 చివరలో వచ్చిన ఎక్స్‌మెన్ చిల్డ్రన్ ఆఫ్ ది ఆటమ్ ఆటలో అకూమా రహస్య పాత్రగా దాగి ఉన్నాడు. అదే ఏడాది ఎస్‌ఎన్‌కే సంస్థ తన వేర్వేరు ఆటల వీరులను కలిపి కింగ్ ఆఫ్ ఫైటర్స్ అనే పరంపరను ఆరంభించింది. 1996లో ఎక్స్‌మెన్ వర్సెస్ స్ట్రీట్ ఫైటర్, 2000లో క్యాప్‌కామ్ వర్సెస్ ఎస్‌ఎన్‌కే వచ్చాయి. పాత్ర ఆటను దాటి నిలబడగలదన్న సంగతికి తెలుగు పట్టణాలే సాక్ష్యం: బస్టాండు పక్కనో సినిమాహాలు పక్కనో వెలసిన వీడియో గేమ్ దుకాణాల్లో, 1993 నాటి కాడిలాక్స్ అండ్ డైనోసార్స్ అనే ఆటను ఎవరూ ఆ పేరుతో పిలవలేదు, అందులోని పసుపు టోపీ యోధుడి పేరు పెట్టి ముస్తఫా అనే పిలిచారు. అది యోధులిద్దరి ముఖాముఖి ఆట కాదు, గుంపులను కొట్టుకుంటూ ముందుకు సాగే ఆట. అయినా పిల్లల మనసులో యోధుడే ముందు, ఆట ఆ తరువాత. సోల్‌కాలిబర్ 2 ఆట 2003లో మూడు రకాల ఇంటి యంత్రాలకు వచ్చినప్పుడు ఒక్కొక్క యంత్రానికి ఒక్కొక్క అతిథిని, లింక్, హెయిహాచీ, స్పాన్‌లను పంచడం ఈ మనస్తత్వాన్ని వ్యాపారం గుర్తించిన తీరు.

ఇక ఒక అతిథిని దగ్గరగా చూడవలసి ఉంది. 2024 సెప్టెంబరు 24న స్ట్రీట్ ఫైటర్ 6లో చేరిన టెర్రీ బొగార్డ్ అందుకు తగినవాడు. అంకె వేసుకుని వచ్చిన ప్రధాన స్ట్రీట్ ఫైటర్ ఆటల్లో బయటి సంస్థ నుంచి వచ్చిన మొదటి అతిథి అతడే. ఎర్రటోపీ, చేతుల్లేని జాకెట్, అమెరికా నేపథ్యం గల ఈ యోధుడు 1991లో ఎస్‌ఎన్‌కే వారి ఫేటల్ ఫ్యూరీ ఆటలో పుట్టాడు. 1987 నాటి మొట్టమొదటి స్ట్రీట్ ఫైటర్‌కు దర్శకత్వం వహించిన తకాషీ నిషియామా క్యాప్‌కామ్‌ను విడిచి ఎస్‌ఎన్‌కేలో చేరాక రూపుదిద్దినదే ఆ ఫేటల్ ఫ్యూరీ. ఆ లెక్కన టెర్రీ వచ్చి చేరిన ఇల్లు అతని సృష్టికర్త ఒకప్పుడు పునాది వేసిన ఇల్లే. ముప్పై ఏళ్లకు పైగా పోటీ సంస్థలుగా పేరుపడ్డ రెండింటి మధ్య ఈ రాకపోక సాధ్యం కావడం ఈ కళను ప్రేమించేవారికి నిజంగా సంతోషం కలిగించిన సంగతి.

టెర్రీ పిడికిలితో నేలను గుద్దితే నేల వెంబడి శక్తి కెరటం ఒకటి ప్రత్యర్థి వైపు పరుగెత్తుతుంది; పవర్ వేవ్ అనే ఈ విద్యకు జాయ్‌స్టిక్ కర్రను కిందికి, కింది మూలగా ముందుకు, ఆపైన పూర్తిగా ముందుకు జరిపి గుద్దు బటన్ నొక్కాలి. 1991 నాటి ఆటలో బరికి ముందు వరుస, వెనుక వరుస అని రెండు వరుసలుండేవి, కెరటం వస్తున్నప్పుడు ప్రత్యర్థి వెనుక వరుసలోకి తప్పుకోగలిగేవాడు. స్ట్రీట్ ఫైటర్ 6లో అటువంటి రెండో వరుస లేదు, తప్పుకోవాలంటే ఎగరాలి లేదా కాచుకోవాలి. ఆ విధంగా విద్య పేరూ రూపూ మారకపోయినా దాని విలువ మారిపోయింది. సొంత ఆటలో దారి తొలగించుకోవడానికి పనికొచ్చిన కెరటం, ఇక్కడ ప్రత్యర్థి చేత బలవంతంగా గెంతించి, ఆ గెంతును గాలిలోనే పట్టుకోవడానికి పనికొస్తుంది. మరోవైపు అతిథికి ఇంటివారి డ్రైవ్ గేజ్ కూడా అబ్బింది. ఆట మొదట్లో నిండుగా ఉండే ఆరు గడుల ఆ శక్తి పట్టీ దెబ్బలు కాచుకున్నా, దాని బలంతో వేసే ప్రత్యేక విద్యలు వాడినా తరుగుతుంది. పూర్తిగా ఖాళీ అయితే బర్న్‌అవుట్ అనే స్థితి వచ్చి, అది మళ్లీ నిండేదాకా యోధుడు బలహీనుడై నిలబడవలసి వస్తుంది. టెర్రీ పుట్టిన ఆటలో ఈ పట్టీ లేదు.

ఈ మార్పును రైలు పట్టాలతో పోల్చవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లోని దొనకొండ మీదుగా పోయే గుంటూరు–గుంతకల్లు రైలు మార్గం చాలా దశాబ్దాలు 1,000 మిల్లీమీటర్ల వెడల్పు గల మీటర్ గేజ్‌గా నడిచి, 1990 దశకంలో 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజ్‌గా మారిన సంగతి ఆ ప్రాంతపు పెద్దలకు తెలుసు. పాత పట్టాల మీది ఇంజను ఎంత గొప్పదైనా కొత్త పట్టాల మీదికి నేరుగా ఎక్కదు, ఎక్కించాలంటే చక్రాల అమరికే మార్చాలి. అతిథి యోధుడికి జరిగేదీ అదే. నిర్మాతలు పై రూపాన్ని, గొంతును, నిలబడే తీరును కాపాడుతూ అడుగున చక్రాలు మారుస్తారు. ఈ మార్పిడిలో అతి ధైర్యమైన ఉదాహరణ నింటెండో వారి సూపర్ స్మాష్ బ్రదర్స్‌లో కనిపిస్తుంది. అందులో బలం తరిగి సున్నాకు చేరడం ఉండదు. తగిలిన దెబ్బల శాతం పెరుగుతూ పోయి, చివరకు ప్రత్యర్థిని వేదిక అవతలికి ఎగిరిపడేలా కొట్టాలి. అటువంటి చోటికి 2015లో స్ట్రీట్ ఫైటర్ వీరుడు ర్యూ వచ్చినప్పుడు, ఒకే బటన్‌తో విద్యలు వేసే ఆ ఆటలో అతనికి మాత్రం పాత పద్ధతిలో కర్ర తిప్పి కొట్టే మార్గాన్ని కూడా ఉంచి, అలా కొట్టినవాడికి బలమైన ఫలితం దక్కేలా చేశారు. 2018 నాటి సూపర్ స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్‌లో ఇద్దరే తలపడేటప్పుడు ర్యూ ప్రత్యర్థి వైపే తిరిగి ఉండే ఏర్పాటు చేయడం కూడా అతని పుట్టింటి ఆచారాన్ని గౌరవించడమే. అతిథి మర్యాద అంటే ఇది అని ఎవరైనా అంటే అది అతిశయోక్తి కాదు.

ఇటువంటి పాత్రను మొదటి రోజున చేతికి తీసుకునేవారు ప్రధానంగా రెండు తెగలు. అతిథిని పాత ఆటలో ఏళ్ల తరబడి ఆడినవారు ఒక తెగ. వారి వేళ్లకు పాత వరుసలు కంఠస్థం, కాని అవి కొత్తచోట సగంలో తెగిపోతుంటే కలవరపడతారు. ఇంటి ఆటను బాగా ఎరిగి అతిథిని మాత్రం ఎరగనివారు రెండో తెగ. వారు టెర్రీని తీసుకుని ర్యూ ఆటే ఆడతారు, ఎర్రటోపీ తప్ప మరే తేడా ఉండదు. మొదటి తెగవారి పొరపాటు అభ్యాసంతో కొద్ది వారాల్లో సర్దుకుంటుంది. రెండోవారి పొరపాటు గెలుపుల మధ్య దాగి ఉంటుంది కాబట్టి చాలాకాలం బయటపడదు, అందుచేత అదే ఎక్కువ ప్రమాదకరం. అతిథిలోని విశేషమంతా ఇంటివారిలో ఎవరికీ లేని పనిని అతడు ఎక్కడ చేయగలడన్నదే గనుక, దాన్ని వెతకని ఆటగాడు పాత్రను కొనుక్కున్నాడే తప్ప ఆడలేదు.

ఆ వెతుకులాట అభ్యాస గదిలో జరుగుతుంది. ప్రత్యర్థి బొమ్మను కదలకుండా నిలబెట్టి, ఒక్కొక్క దెబ్బ ఎన్నో ఫ్రేములో తగులుతుందో, కాచుకున్నప్పుడు ఎవరు ముందు కదలగలరో చూపించే పట్టీ స్ట్రీట్ ఫైటర్ 6 అభ్యాస గదిలోనే తెర మీద కనిపిస్తుంది. శ్రద్ధగల ఆటగాడు ముందుగా కాంబోల జోలికి పోడు. దూరంగా ఉన్నప్పుడు పనికొచ్చే దెబ్బ ఏది, మీదికి ఎగిరి వచ్చేవాణ్ని ఆపే దెబ్బ ఏది, ఎదుటివాడి పొరపాటును శిక్షించే అతివేగ దెబ్బ ఏది అన్న మూడింటినీ చూసుకుంటాడు, ఆ తరువాతే అలంకారాలకు పోతాడు. ఈ వరుస తలకిందులైనవారు వీడియోలో చూసిన పొడవాటి కాంబోను అప్పగించగలరు గాని, దాన్ని మొదలుపెట్టే మొదటి దెబ్బను తగిలించలేరు. కొత్త అతిథి ఎవరికీ తెలియనివాడు కాబట్టి మొదటి వారాల్లో ప్రత్యర్థులు అతని ఎత్తులకు సులభంగా దొరుకుతారు. ఆ గెలుపులు ఆటగాడి నైపుణ్యం కన్నా ఎదుటివారి అపరిచయానికే ఎక్కువ చెందుతాయి. కొన్ని నెలల తరువాత, అందరికీ జవాబులు తెలిశాక కూడా గెలిచేవాడే ఆ పాత్రను నేర్చినవాడు.

దొనకొండలోనో కురిచేడులోనో గజ్జెలకొండలోనో కూర్చుని ఇంటర్నెట్ ద్వారా ఆడేవారికి మరొక సమస్య తోడవుతుంది. గాజుతీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్ల వేగంతో ప్రయాణిస్తుంది. దొనకొండ నుంచి సింగపూరుకు తిన్నని గీత గీస్తే సుమారు 3,000 కిలోమీటర్లు కాబట్టి, నొక్కిన బటన్ సమాచారం అక్కడికి చేరడానికే కనీసం 15 మిల్లీసెకన్లు, దాదాపు ఒక పూర్తి ఫ్రేము, ఖర్చవుతుంది. తీగలు తిన్నగా పోవు, మధ్యలో మజిలీలుంటాయి, ఇంట్లోని వైఫై మరికొంత ఆలస్యం కలుపుతుంది గనుక అసలు జాప్యం దీనికి ఎన్నో రెట్లవుతుంది. ఆటగాళ్లు లాగ్ అనేది దీన్నే. దీనికి విరుగుడుగా టోనీ క్యానన్ 2006లో రూపొందించిన జీజీపీఓ అనే ఉపకరణంతో రోల్‌బ్యాక్ పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. ప్రత్యర్థి సమాచారం రాకముందే అతడు ఏం చేస్తాడో యంత్రం ఊహించి ఆటను ముందుకు నడుపుతుంది, ఊహ తప్పితే కొన్ని ఫ్రేములు వెనక్కి పోయి సరిదిద్ది మళ్లీ వర్తమానానికి చేరుకుంటుంది. కొత్త అతిథి విషయంలో ఈ దిద్దుబాటు మరింత ఇబ్బంది పెడుతుంది, ఎందుకంటే పరిచయం లేని కదలిక మొదటి రెండు మూడు ఫ్రేములు తెర మీద ఎగిరిపోతే దాన్ని గుర్తుపట్టడమే కష్టం. పల్లె ఆటగాడు వైఫైని నమ్ముకోకుండా తీగను నేరుగా యంత్రానికి తగిలించడమూ, ముందుగా హైదరాబాదు, విజయవాడ, చెన్నై వంటి దగ్గరి చోట్లవారితో ఆడి చేయి కుదుర్చుకోవడమూ మంచిది.

అతిథి మితిమీరితే ఇల్లు ఏమవుతుందో కూడా చెప్పుకోవాలి. 2016 ఫిబ్రవరిలో స్మాష్ ఆటలోకి అతిథిగా వచ్చిన బయోనెట్టా అనే మంత్రగత్తె తూకం తప్పినంత బలంగా ఉండటంతో, 2018లో లాస్ వేగాస్‌లో జరిగిన ఈవో పోటీల తుది సమరంలో ఇద్దరు ఆటగాళ్లూ ఆ పాత్రనే ఎంచుకున్నారు, ప్రేక్షకులు హర్షించవలసిన చోట గేలి చేశారు. తప్పు ఆటగాళ్లది కాదు. నియమం అనుమతించిన బలాన్ని వారు వాడుకున్నారు. తూకం చెడినప్పుడు నిర్మాతలు మార్పులు పంపి దెబ్బల బలం తగ్గిస్తారు, దీన్ని నెర్ఫ్ అంటారు. అటువంటి దిద్దుబాటు వచ్చినప్పుడు నొచ్చుకునే ఆటగాళ్లు, తాము నేర్చినది పాత్రనా లేక ఆ పాత్రలోని లోపాన్నా అని పరిశీలించుకోవడం అవసరం.

తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఒకటుంది, డబ్బు పెట్టి ఆడే జూదపు ఆటలకూ దీనికీ తేడా ఉందా అని. ఆ తేడాను చట్టమే గుర్తించింది: 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం ఈ-స్పోర్ట్స్‌ను, అంటే పోటీలుగా ఆడే వీడియో ఆటలను, క్రీడల మంత్రిత్వ శాఖ పరిధిలోకి తెచ్చింది, 2025లో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం పందెపు ఆటలను నిషేధిస్తూ ఈ-స్పోర్ట్స్‌కు వేరుగా గుర్తింపు ఇచ్చింది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో స్ట్రీట్ ఫైటర్ 5 పతకపు అంశంగా ఉండగా, అయాన్ బిస్వాస్, మయాంక్ ప్రజాపతి భారతదేశం తరఫున బరిలో దిగారు. అయినా అదనపు పాత్రలను కొనడానికి అసలు డబ్బే ఖర్చవుతుంది కాబట్టి, ఆ కొనుగోలు పిల్లల చేతిలోని ఫోనుకు వదిలేయకుండా పెద్దలు తామే చేయడం సముచితం.

టెర్రీ రాకకు బదులుగా క్యాప్‌కామ్ తన యోధులను కూడా పంపింది. 2025 ఏప్రిల్‌లో వచ్చిన ఫేటల్ ఫ్యూరీ సిటీ ఆఫ్ ది వుల్వ్స్ ఆటకు స్ట్రీట్ ఫైటర్ నుంచి కెన్, చున్-లీ అతిథులుగా వెళ్లారు, టెర్రీ అక్కడ ఇంటివాడుగా ఉన్నాడు. స్ట్రీట్ ఫైటర్ 6లో టెర్రీని నేర్చి ఆ ఆటలోకి పోయిన ఆటగాడికి తరిగిపోయే డ్రైవ్ గేజ్ కనిపించదు, దానికి బదులు వాడేకొద్దీ నిండుతూ పోయే రెవ్ గేజ్ కనిపిస్తుంది. అది అంచు దాటితే యోధుడు వేడెక్కి ఆ శక్తులు కొంతసేపు చేజారిపోతాయి. ఒకచోట ఖాళీ కాకుండా చూసుకోవడం అలవాటైన చేయి, మరొకచోట నిండకుండా చూసుకోవడం నేర్చుకోవలసి వస్తుంది. రెండు ఆటలనూ పక్కపక్కన పెట్టుకుని ఒకే యోధుణ్ని అక్కడ ఇంటివాడుగా, ఇక్కడ అతిథిగా వారం మార్చి వారం సాధన చేయడం ఈ విద్యలో ఆసక్తి గలవారందరూ చేయదగిన పని.